ఇంకో ఏడాది

జూన్ 3

పెద్దక్క పోయి నిన్నటికి సంవత్సరం. పొద్దుటి ప్రార్థనలో ఆమె మాట నేనే ఎత్తాను. ఎవరూ ఏమీ అనలేదు. బాధ గొంతుకు అడ్డం పడితే మాట రాదు మరి.

డ్రైవరు ప్రార్థనకు రాలేదు. మొదటి బస్సు తనదేనట. నర్సు వచ్చింది గానీ, నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చిందేమో, ఆమెన్ దగ్గరికొచ్చేసరికి తల వాల్చేసింది. చెల్లి పాపను ఒళ్ళో వేసుకుని జోకొడుతూ కూర్చుంది. తన మొగుడు డ్రైవరు రానందుకు నన్ను చూసి ఇబ్బందిగా నవ్వింది. టైలరు పెద్దాయన గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకున్నాడు. ఆయన ప్రార్థిస్తున్నాడో కునుకు తీస్తున్నాడో ఇన్నేళ్ళలో ఒక్కసారీ పసిగట్టలేకపోయాను.

అయినా ఉన్నాం. ఒకరికొకరు ఏమీ కానివాళ్ళం, చర్చి వెనకాల ఈ పాత పాస్టరు బంగళాలో, ఒకే పొయ్యి మీద వండుకుని, ఒకే బల్ల దగ్గర తిని. పెద్దక్క ఈ ఇల్లు మొదలుపెట్టింది అందుకే. ఉన్నాం.

జూన్ 11

వరండా ఊడ్చి, అదే చేత్తో చెల్లి వాళ్ళ గదిలోకీ చీపురు పట్టుకెళ్ళాను. మంచం కింద అట్టపెట్టె తగిలింది. కొత్త స్టవ్.

"ఇదేంటే?"

"పాపకి పాలు వెచ్చబెట్టడానికక్కా. ప్రతిసారీ వంటింట్లోకి రావాలంటే..."

నిజమే కదా. ముందుచూపున్న పిల్ల. రెండు పొయ్యిలది కొన్నారు. పాలకు రెండెందుకో. డ్రైవరుకు బేరమాడటం రాదు, షాపువాడు ఏది అంటగడితే అది తెచ్చేస్తాడు.

జూన్ 16, ఆదివారం

కోపం ఇంకా దిగలేదు. రాస్తే తగ్గుతుందేమో.

ఆరాధన అయ్యాక చిన్నోడు పక్కగదిలోకి పిలిచాడు. సొంత తమ్ముడైనా చర్చి ఆవరణలో వాడు పాస్టరు గారే.

"అక్కా, కూర్చో."

"పాస్టరు గారు నిలబడి ఉంటే నేనెలా కూర్చుంటానండీ?" అన్నాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"ఇంటి గురించక్కా. వచ్చే నెల ఆఖరి ఆదివారం మీరు మళ్ళీ మాట ఇవ్వాలి కదా."

ప్రతి ఏడూ ఇస్తాం. సంఘం ముందు నిలబడి, ఇంకో ఏడాది కలిసి ఉంటామంటాం. సంఘమంతా లేచి, మేమూ మీతో ఉంటామంటుంది. నాకు పుట్టినరోజు కంటే ఆ రోజే ఎక్కువ.

"ఈసారి వద్దనుకుంటున్నాం" అన్నాడు.

"అనుకుంటున్నాం అంటే ఎవరు?"

"సంఘ పెద్దలు... నేను. పిల్లల బడికి చోటు చాలట్లేదు. బంగళా ఖాళీ అయితే..."

"ఒరేయ్, నా మొహం చూసి చెప్పు."

చూడలేదు. బైబిలు అట్టను గోరుతో గోకుతూ నిలబడ్డాడు. తప్పు చేస్తున్నానని వాడికీ తెలుసు. తెలిసీ చేస్తున్నాడు.

ఆదివారం పిల్లలకు పాఠాలు చెప్పేది మా ఇల్లు. మంచాన పడ్డవాళ్ళను చూసొచ్చేది మా ఇల్లు. సంఘంలో ఎవరింట్లో చావు జరిగినా వండి పంపేది మా ఇల్లు. దిక్కులేక వచ్చినవాళ్ళకు తలుపు తీసేది మా ఇల్లు. పెద్దాయనను చిన్నోడే కదా ఒకరోజు వానలో తీసుకొచ్చి, "రెండు రోజులుంచండక్కా" అన్నది. ఆ రెండు రోజులు ఇంకా అవలేదు.

జూన్ 17

భోజనాల దగ్గర అందరికీ చెప్పాను. మెల్లిగానే చెప్పాను, తట్టుకోలేరని.

నర్సు చెంచా కింద పెట్టేసింది. డ్రైవరు "అలాగా" అన్నాడు. చెల్లి నీళ్ళ కోసం లేచి వెళ్ళి చాలాసేపటికి గానీ రాలేదు. ఏడ్చినట్టుంది. పెద్దాయన మాత్రం "దేవుడి ఇష్టం" అన్నాడు. ఆయనకు కూరలో ఉప్పు తక్కువైనా దేవుడి ఇష్టమే.

"మీరెవరూ దిగులు పడకండి. నేను చూసుకుంటాను. పెద్దలందరితో మాట్లాడతాను" అన్నాను.

"అక్కా, వాళ్ళే వద్దన్నాక మనం బలవంతంగా..." అంది చెల్లి.

"నువ్వు భయపడకు" అన్నాను. ప్రార్థన చేద్దామన్నాను. చేశాం. ఇల్లు నిలబడాలని అందరి తరఫునా నేనే అడిగాను.

జూన్ 25

కళ్ళజోళ్ళ షాపులో పని అయ్యాక హెడ్మాస్టరు గారింటికి వెళ్ళాను. రిటైరై చాలా ఏళ్ళయినా సంఘ పెద్దల్లో ఆయన మాటే మాట. కుర్చీ వేశారు, టీ ఇచ్చారు, విషయం మాత్రం తేల్చలేదు.

"మా వైపు నుంచి ఏముందమ్మా. పాస్టరు గారు ఎలా అంటే అలాగ."

"పాస్టరు గారేమో పెద్దలంటున్నారు. మీరేమో పాస్టరు గారంటున్నారు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అది నేను అమర్చిన అద్దమే. తుడవాల్సినంత మురికేం లేదు దాని మీద.

పిరికి మనిషి.

జూలై 1

నర్సు రెండు రోజులు ఊళ్ళో లేదు. ఏదో ట్రైనింగ్ అట. బట్టలు సర్దిపెడదామని ఆమె బీరువా తీస్తే సగం ఖాళీ. ఇంత పొదుపుగా బతికే మనిషిని నేను చూడలేదు.

జూలై 7

ఆరాధనకు వెళ్ళి చిన్నోడితో మాట్లాడకుండా వచ్చేశాను. వాడి వాక్య ప్రసంగం బాగుంది. అందుకే ఇంకా మండింది.

జూలై 10

ఇవాళ షాపులో అద్దం అంచు అరగదీస్తుంటే చేతిలోనే పగిలింది. కొత్తలో తప్ప ఎప్పుడూ పగలగొట్టలేదు.

నేను ఈ ఇంటికి వచ్చిన రోజు గుర్తొచ్చింది. ఆయన పోయాక అత్తవారింట్లో నేనెవరికీ కనపడటం మానేశాను. తిన్నావా అని అడిగేవాళ్ళు లేరు, తినొద్దనేవాళ్ళూ లేరు. ఒక సంచి పట్టుకుని ఇక్కడికి వస్తే పెద్దక్క పేరు కూడా అడగలేదు. "చేతులు కడుక్కో, అందరం నీకోసమే చూస్తున్నాం" అంది. అబద్ధం. నేను వస్తున్నట్టు వాళ్ళకెలా తెలుస్తుంది? కానీ బల్ల మీద నిజంగానే ఒక కంచం ఎక్కువ ఉంది. వాళ్ళు రోజూ ఒకటి ఎక్కువే పెట్టేవారని తర్వాత తెలిసింది.

ఈ ఇల్లు పోతే నేనెక్కడికి వెళ్ళాలి అన్నది కాదు బాధ. వీళ్ళెక్కడికి వెళ్తారు అన్నదే.

జూలై 14, ఆదివారం

గెలిచాం!

పెద్దల మీటింగులో నేను ఒక్కదాన్నే ఇటువైపు. డ్రైవరుకు డ్యూటీ, నర్సుకు నిద్ర, చెల్లికి పాప, పెద్దాయనకు మోకాళ్ళు. పర్వాలేదు. అందరి మాటా నేనే మాట్లాడాను.

"మేము మీకు బరువైతే చెప్పండి. కానీ ఆ ఇంట్లో మాత్రం ఎవరికి ఎవరూ బరువు కాలేదు. నవ్వుతూ ఉన్నాం, ఏడ్చినా ఒకచోటే ఏడ్చాం. విడిపోవాలని మాలో ఒక్కరికైనా ఉంటే ఈరోజే తాళాలు మీ చేతిలో పెట్టేస్తాను" అన్నాను.

హెడ్మాస్టరు గారు చిన్నోడి వైపు చూశారు. వాడు నేల వైపు చూశాడు.

"అయితే ఉండండమ్మా. ఇంకో ఏడాది. మాకేం అభ్యంతరం లేదు" అన్నారాయన.

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటారని తెలిస్తే అంత గొంతు చించుకునేదాన్ని కాదు. దారిలో అరటిపళ్ళు కొన్నాను. అందరూ భోజనాలకు కూర్చుంటున్నారు. వెళ్ళి చెప్పాలి.

జూలై 14, సాయంత్రం

ఇవాళ ఇంకేమీ రాయను.

జూలై 16

రాయాలి.

"ఇంకో ఏడాది!" అని గుమ్మంలోంచే అరిచాను. చప్పట్లు కొట్టాను. పాప ఒక్కతే నన్ను చూసి తనూ కొట్టింది. డ్రైవరు నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. నర్సు చెల్లిని చూసింది. చెల్లి కంచంలోకి చూసింది.

"ఏంటి, ఎవరూ మాట్లాడరేం?"

"అక్కా, మాకు డిపో దగ్గర ఇల్లు దొరికింది" అన్నాడు డ్రైవరు.

"ఎప్పుడు?"

"మార్చిలో."

"నాక్కూడా వేరే ఊళ్ళో ఉద్యోగమొచ్చిందక్కా. వచ్చే నెలలో చేరాలి" అంది నర్సు. ట్రైనింగ్ అన్నది అదే.

నాకప్పటికీ అర్థం కాలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది. "సరే, సంఘం పొమ్మంటుందని భయపడి మీ దారులు మీరు చూసుకున్నారు. తప్పులేదు. ఇప్పుడు సంఘమే ఉండమంటోంది కదా" అన్నాను. అరటిపళ్ళు బల్ల మీద పెడుతూ అన్నాను.

చెల్లి ఏడవడం మొదలుపెట్టింది.

"సంఘం పొమ్మనలేదక్కా. మేమే వెళ్ళి అడిగాం. మాకిక చాలు, అక్కకి ఎలాగైనా మీరే చెప్పండని పాస్టరు గారి కాళ్ళావేళ్ళా పడ్డాం. ఆయన ఆ నెపం పెద్దల మీద వేశారు."

"మేమే అంటే? ఎవరెవరు?"

అప్పుడు గోడ దగ్గర్నుంచి పెద్దాయన, "నేనూ వెళ్ళానమ్మా" అన్నాడు.

ఆయన చర్చి మెట్లెక్కాలంటే ఇటొకరు అటొకరు పట్టుకోవాలి. ఎక్కాడన్నమాట.

జూలై 17

కోపం లేదు.

జూలై 18

కోపం లేదు. ప్రార్థనకు అందరూ వచ్చారు, డ్రైవరుతో సహా. నేను వెళ్ళలేదు. తలనొప్పి.

జూలై 19

నాకు ఎవరి మీదా కోపం లేదు. ఎవరి గిన్నె వాళ్ళే కడుక్కుంటే మంచిదని మాత్రం చెప్పాను.

జూలై 20

చిన్నోడు షాపుకొచ్చి గిరాకీలు కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు. కళ్ళజోడు స్క్రూ ఊడిందట. చూస్తే తెలుస్తూనే ఉంది, వాడే ఊడదీశాడు. కొత్తది బిగిస్తూ మాట్లాడాను. వాడి మొహం చూడక్కర్లేకుండా చేతిలో పనుంది, మంచిదైంది.

"దేవుడి సేవకుడివి. ఆరాధన ముగించి పక్కగదిలోకి వచ్చి అబద్ధం చెప్పావు."

"చెప్పాను."

"ఆ మీటింగు? హెడ్మాస్టరు గారు?"

"ఆయనకంతా తెలుసు. నువ్వలా మాట్లాడుతుంటే కాదనడానికి ఆయనకు నోరు రాలేదు. నాకూ రాలేదు."

అంటే ఆ గదిలో తెలియనిదాన్ని నేనొక్కదాన్నే. విడిపోవాలని మాలో ఒక్కరికైనా ఉంటే అని గొంతెత్తి అన్నప్పుడు వాళ్ళందరూ నన్ను చూసి ఎంత జాలిపడ్డారో.

"వాళ్ళు నా దగ్గర కూర్చుని ఏడ్చారక్కా" అన్నాడు. "నిన్ను వదిలిపోతున్నామని ఏడ్చారు. ఇక ఉండలేకపోతున్నామనీ ఏడ్చారు. పెద్దక్క ఉన్నప్పుడు వేరు, ఇప్పుడు మేమంతా అక్క కోసమే ఉంటున్నాం అన్నారు. నాకేం తోచలేదు. నీకు సంఘం మీద కోపమొస్తే సంఘం ఓర్చుకుంటుంది. నా మీదొస్తే నాకు చిన్నప్పట్నుంచీ అలవాటే. వాళ్ళ మీదొస్తే మాత్రం నీకెవరూ మిగలరనిపించింది."

"నేనంత చెడ్డదాన్నా?"

"కాదు" అన్నాడు వెంటనే. మరీ వెంటనే అన్నాడు.

కళ్ళజోడు పెట్టి చూశాను. ఒక పక్కకు వాలింది. మళ్ళీ తీసి సరిచేసి పెట్టాను. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకున్నాను. షాపులో గిరాకీలున్నారు.

జూలై 28, ఆదివారం

వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళాను.

ఆరాధన చివర మమ్మల్ని ముందుకు పిలిచారు. ఈసారి మాట ఇవ్వడానికి కాదు, దీవించి పంపడానికి. డ్రైవరు, చెల్లి, పాప, నర్సు వెళ్ళారు. పెద్దాయనను ఇద్దరు కుర్రవాళ్ళు పట్టుకుని నిలబెట్టారు. అందరూ నా కోసం చూశారు. లేచి వెళ్ళి చివర నిలబడ్డాను.

"ఇన్నేళ్ళు వీళ్ళు మన కోసం తలుపు తీసిపెట్టారు" అన్నాడు చిన్నోడు. తర్వాత బైబిలు మూసేశాడు. హెడ్మాస్టరు గారు లేచి ప్రార్థన పూర్తిచేశారు.

చెల్లి నా చీర కొంగు పట్టుకుంది, పాప పట్టుకున్నట్టు. నేను ముందుకే చూస్తూ నిలబడ్డాను. కొంగు లాక్కోలేదు. అంతమాత్రం చేశాను.

ఆగస్టు 3

ఒక పోర్షను దొరికింది. రెండు గదులు, ముందు చిన్న వరండా, షాపుకు దగ్గర. ముందుగది పెద్దాయనకు సరిపోతుంది, కిటికీ ఉంది, మిషను పెట్టుకోవచ్చు. పొద్దున ఆరింటికి ప్రార్థన అక్కడే చేసుకోవచ్చు. ఇద్దరున్నా చాలు. ఇద్దరు ఎక్కడ కూడితే అక్కడ దేవుడున్నట్టే కదా.

రేపు చెప్తాను ఆయనకు.

ఆగస్టు 4

చెప్పాను. ఆయన కాజా కుడుతున్నాడు. దారం కొరికి, సూది గుచ్చి పక్కన పెట్టాడు.

"నేను చెల్లి వాళ్ళతో వెళ్తానమ్మా. మొన్నే అడిగారు."

"వాళ్ళది చిన్న ఇల్లు. మీకు చోటెక్కడుంటుంది?"

"హాల్లో పడుకుంటాను."

"నా దగ్గర గదే ఇస్తానంటున్నాను కదా. మీకేం లోటు చేశాను?"

"లోటేం లేదమ్మా. కన్నకూతురు కూడా చెయ్యనంత చేశావు." ఆయన గుడ్డ మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నీతో వస్తే, నన్నొక్కణ్ణి పెట్టుకుని ఈ ఇల్లు ఇంకా నడుస్తోందనుకుంటావు. ముసలివాణ్ణి, ఇంత బంగళా నేనొక్కణ్ణే ఎలా మొయ్యను?"

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. లోపలికొచ్చి తలుపేసుకున్నాను.

ఆగస్టు 10

నర్సు నిన్న వెళ్ళింది. బస్సు కదిలేదాకా కిటికీలోంచి నా వేళ్ళు పట్టుకునే ఉంది. "నువ్వు లేకపోతే మన ఇంటికి వచ్చిన కొత్తలో నేను బతికేదాన్ని కాదక్కా" అంది. ఆ మాట నిజం. వెళ్ళిపోవడమూ నిజమే. ఈ రెండూ ఎలా పొసుగుతాయో నాకు తెలియడం లేదు.

ఇవాళ చెల్లి వాళ్ళు. సామాను ఒక్క ఆటోలో పట్టింది. పెద్దాయన కుట్టుమిషను పక్కనే ఎక్కి కూర్చున్నాడు, ఎక్కడ పడిపోతుందోనని దాన్ని వాటేసుకుని. పాప నన్ను కూడా ఎక్కమంది. "నేను తర్వాత వస్తా" అన్నాను. పిల్లలకు చెప్పే మాటే.

ఆగస్టు 12

బంగళా అంతా కడిగాను. తాళాలు చిన్నోడికిచ్చాను. పిల్లల బడికి నిజంగానే తీసుకుంటారట. వాడి అబద్ధం నిజమైంది.

"మా ఇంటికి వచ్చెయ్యక్కా. నీ మరదలు కూడా రమ్మంటోంది" అన్నాడు.

"ఆ పోర్షనుకు అడ్వాన్సు ఇచ్చేశాను" అన్నాను.

ఆగస్టు 21

ఒక్కదానికి వండటం చేతకావడం లేదు. రోజూ మిగులుతోంది.

ఆగస్టు 29

ఆరింటికి లేచి కూర్చున్నాను. పెదవి కదల్లేదు. అలాగే కూర్చుని, షాపు టైమయ్యాక లేచాను.

సెప్టెంబరు 8, ఆదివారం

వానజల్లు. చర్చిలో చెల్లి నా పక్కకొచ్చి కూర్చుంది. "వచ్చే ఆదివారం భోజనానికి రా అక్కా. రాకపోతే ఆయన బస్సు తీసుకొచ్చి నీ షాపు ముందే ఆపేస్తారట" అంది. చూస్తానన్నాను.

సెప్టెంబరు 15, ఆదివారం

వెళ్ళాను.

డిపో వెనక సందులో మూడంతస్తుల బిల్డింగు. వాళ్ళది పై అంతస్తు. తలుపు వేసుంది. బెల్లు కొట్టాలని తోచడానికి కాసేపు పట్టింది. వాళ్ళ తలుపు ముందు నిలబడి బెల్లు కొట్టడం ఇదే మొదటిసారి.

చెల్లి తీసింది. బొద్దుగా అయింది. "రా అక్కా, కూర్చో" అని కుర్చీ మీద బట్టలు తీసేసింది. వంటింట్లోకి వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టి, "నువ్వు కూర్చో, నేను తెస్తాగా" అంది. కూర్చున్నాను. రెండు పొయ్యిల మీదా ఏదో ఉడుకుతోంది. హాల్లో ఓ మూల పెద్దాయన మిషను, దాని కింద ఆయన చుట్టిన పరుపు. పాప నన్ను చూసి ముందు సిగ్గుపడింది. నాకది ఎక్కువ కష్టమనిపించింది. కాసేపటికి ఒళ్ళోకొచ్చింది.

నాకే ముందు వడ్డించారు. చుట్టాలకు వడ్డించినట్టు.

తిన్నాక డ్రైవరు పాపను పడుకోబెట్టడానికి లోపలికి వెళ్ళాడు. పెద్దాయన వరండాలో ఉన్నాడు. చెల్లి బల్ల తుడుస్తోంది. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"నాతోనే చెప్పొచ్చుగా. చెబితే వినేదాన్ని కాదా?"

గుడ్డ పట్టుకునే నిలబడిపోయింది.

"వినేదానివే అక్కా. విని, ప్రార్థన చేద్దాం అనేదానివి. నువ్వు కళ్ళు మూసుకుని, అందరం కలిసే ఉండాలని దేవుడికి చెప్పేశాక ఇక మేమేం చెప్తాం? ఆయన ముందు నిన్ను కాదనాలా?"

జూన్‌లో ఆ రాత్రి భోజనాల దగ్గర అదే చేశాను. అంతకుముందు ఎన్నిసార్లు చేశానో.

"కోపమొచ్చిందా?" అంది.

"లేదు" అన్నాను. ఈసారి నిజంగానే లేదు. వచ్చింది కోపం కాదు. దానికి పేరేంటో తెలియదు. ఆమె చేతిలోంచి గుడ్డ తీసుకుని మిగతా బల్ల నేను తుడిచాను. ఆమె వద్దనలేదు.

సాయంత్రం బయల్దేరాను. బస్టాపు దాకా వస్తానన్నాడు డ్రైవరు. వద్దన్నాను. గుమ్మంలో నిలబడి చెయ్యూపారు, తర్వాత తలుపు వేసుకున్నారు. గడియ పడిన చప్పుడు వినపడింది.

రెండు మెట్లు దిగానో లేదో లోపల పెద్దాయన ఏదో అన్నాడు. ఏమన్నాడో తెలియలేదు గానీ ఒక్కసారిగా నవ్వు. డ్రైవరు నవ్వు, చెల్లి నవ్వు, నిద్రలేచిన పాప కేరింత. నా గురించి కాదు, నన్ను పంపించేశామనీ కాదు. ఊరికే ఇంట్లో నవ్వుకునే నవ్వు. అంత పెద్ద బంగళాలో వాళ్ళు అలా నవ్వగా నేను ఒక్కసారీ వినలేదు. నవ్వుతూ ఉన్నామని పెద్దల ముందు నేను చెప్పింది ఏ నవ్వు గురించో.

మెట్ల మీద గోడ పట్టుకుని నిలబడి, అది ఆగిపోయేదాకా విన్నాను. తర్వాత దిగాను.